బెండకాయ పూల చీర

నాకు బెండకాయ కూర ఇష్టం లేదు. వేపుడైతే సర్దుకుంటాను, పులుసైతే కంచం ముందు నుంచి లేచిపోతాను. అయినా ఇవాళ్టికీ బజారులో బెండకాయల గుట్ట కనిపిస్తే కాళ్ళు ఆగిపోతాయి. ఒక్కొక్క కాయనీ తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, ముదిరినవి ఏరి పక్కన పెట్టుకుంటాను. కూరలమ్మే భయ్యాలు జాలిపడి లేతవి అందిస్తారు. నాకు ముదిరినవే కావాలని చెబితే ఇంకా జాలిపడతారు.

దీనికంతటికీ కారణం ఒక చీర. అది నాది కూడా కాదు.

తొంభైల మొదట్లో నేను ఢిల్లీలో కటవారియా సరాయ్‌లో ఉండేదాన్ని. సివిల్స్ పరీక్షలకి చదివేవాళ్ళతో ఆ సందులన్నీ నిండిపోయి ఉండేవి. మాది రెండో అంతస్తులో ఒక గది. రెండు మంచాలు, ఒక కిరోసిన్ స్టవ్వు, పక్కింటి గోడలోకి తెరుచుకునే ఒక కిటికీ. నాది తెనాలి. నాతోపాటు ఉండే అమ్మాయిది వరంగల్ దగ్గర ఒక ఊరు. నేను ముక్కుమీద కోపంతో పుట్టినదాన్ని, ఆ వరంగల్ పిల్ల ఎంత కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి. మేమిద్దరం గొడవపడితే అరుపులన్నీ నావే ఉండేవి, గెలుపులన్నీ తనవి.

ఆ గదితోపాటు మాకు ఒక చీర కూడా సంక్రమించింది. చందనం రంగు మంగళగిరి నేత చీర, సన్నని ఎర్ర అంచు. మాకు ముందు ఆ గదిలో ఉన్న అక్క స్నేహితురాలు ఒకామె దాన్ని కట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళింది, సెలక్టయింది. మరుసటి ఏడు అక్క కట్టుకుంది, ఆమె కూడా సెలక్టయింది. ఇంకేముంది, చీరకి మహిమ వచ్చేసింది. అక్క ట్రైనింగుకి వెళ్ళిపోతూ చీరని మా రేకు పెట్టెలో పెట్టి మరీ చెప్పింది.

"సబ్బు మాత్రం తగలనివ్వకండే. గంజి పెట్టుకోండి, ఇస్త్రీ చేసుకోండి, అంతవరకే. ఉతికారో, అంతా పోయినట్టే."

పోయేదేమిటో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని మా ఇద్దరికీ రాజ్యాంగంలోంచి కంఠతా వచ్చు. అయినా చీరకి సబ్బు పెట్టే ధైర్యం ఒక్కరికీ లేదు. రెండేళ్ళుగా గంజి మీద గంజి పట్టి అది నిలబెడితే నిలబడేటట్టు ఉండేది. పెట్టె మూత తీస్తే గదంతా పులిసిన అన్నం వాసన. వరంగల్ పిల్ల మాత్రం పరీక్షకి వెళ్ళే ముందు ఆ చీర అంచు కళ్ళకి అద్దుకునేది.

ఆ ఏడు మెయిన్స్ నేను గట్టెక్కాను, తను గట్టెక్కలేదు. తనకి ఎంత బాధగా ఉందో నాకు తెలుసు. కానీ తను రెండు రోజులు ముసుగుతన్ని పడుకుని, మూడో రోజు లేచి, "నీ ఇంటర్వ్యూ అయినంక చీర నాది. మంచిగ చూసుకో" అంది. అలా ఆ చీర మీద ఆ వసంతంలో ఇద్దరి ఆశలు ఉన్నాయి. నాది ఆ ఏడాదిది, తనది వచ్చే ఏడాదిది.

మార్చి నెల వచ్చింది. ఢిల్లీలో మార్చి కన్నా మంచి నెల లేదని నా గట్టి అభిప్రాయం. స్వెట్టర్లు పెట్టెలోకి పోతాయి, రజాయిలు ఎండకి వస్తాయి, బూరుగు చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఎర్రటి పూలతో నిలబడతాయి. ఒకరోజు పొద్దున్నే చూస్తే ఎండ చక్కగా ఉంది. సందులో సందడి లేదు, జిరాక్స్ షాపు కూడా మూసి ఉంది. చీరకి గంజి పెట్టడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాను. అన్నం వార్చి, గంజి గుడ్డలో వడకట్టి, నీళ్ళు కలిపి, చీర ముంచి పిండి, మేడ మీద తీగకి బారుగా ఆరేశాను.

ఆ రోజు హోలీ అని నాకు తెలియక కాదు. సెలవుల జాబితాలో ఒక సెలవుగా తెలుసు. తెనాలిలో మా వీధిలో హోలీ ఎవరూ ఆడేవారు కాదు. రంగులంటే వీధిలోకి వెళ్ళినవాళ్ళ మీద చల్లుతారు, మేడ మీద ఆరేసిన చీరకేం భయం అనుకున్నాను. అంతర్జాతీయ ఒప్పందాలన్నీ వేళ్ళ మీద చెప్పగల దానికి ఆ మాత్రం ఇంగితం లేకపోయింది.

మా ఇంటి ఓనరు ఆంటీకి అరవై దగ్గర పడ్డాయి. మోకాళ్ళ నొప్పులని ఏడాది పొడుగునా మెట్లెక్కకుండా కింద నుంచే అద్దె అడిగే మనిషి. ఆ రోజు మాత్రం చేతిలో రంగు నీళ్ళ బకెట్టుతో కోడలిని మేడంతా తరుముతోంది. కోడలు పచ్చ రంగు చెంబుతో కిలకిలా నవ్వుతూ వచ్చి నా చీర వెనక దూరింది. ఆంటీ గురి చూసి బకెట్టు మొత్తం కుమ్మరించింది. కోడలు చేతిలో చెంబు ఒలకబోసి తప్పించుకుంది, చీర తప్పించుకోలేకపోయింది.

"బురా న మానో బేటీ, హోలీ హై!" అని, ఏమీ అనుకోకమ్మా అన్నట్టు ఆంటీ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. నేను చీర కొస పట్టి చూశాను. కొంగు మీద వంకాయ రంగు, కుచ్చెళ్ళు వచ్చేచోట పచ్చ రంగు, మధ్యలో రెండూ కలిసిన మురికి రంగు.

"అభీ సాబున్ సే ధో దేంగే, నికల్ జాయేగా" అంది ఆంటీ, ఇప్పుడే సబ్బు పెట్టి ఉతికేద్దాం అని.

"సబ్బుతోనా? వద్దు!" అని నేను తెలుగులోనే కేక పెట్టాను. ఆంటీకి భాష రాకపోయినా కేక అర్థమైంది. ఆ నిమిషంలో సబ్బు పెట్టి ఉంటే సగం రంగు పోయేదే. నేను మాత్రం చీరని గుండెలకి అదుముకుని గదిలోకి పరిగెత్తాను. ఆరేలోపల రంగు శుభ్రంగా పట్టేసింది.

వరంగల్ పిల్ల ముసుగు తీసి చూసింది. మరకల మీద వేలు పెట్టి రాసి చూసింది. చివరికి, "హోలీ నాడు ఎవరన్న మిద్దె మీద చీర ఆరేస్తరానే?" అని అడిగింది. తప్పు నాదే. అందుకని అరిచాను. తను మళ్ళీ ముసుగేసుకుంది.

మర్నాడు మార్కెట్ మూలన దుపట్టాలకి రంగులద్దే భయ్యా దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఉడుకుతున్న గిన్నెలోంచి కర్ర తీసి పక్కన పెట్టి, చీరని వెలుగులో పట్టి చూశాడు. నల్లరంగు ఒక్కటే వీటిని కప్పుతుంది, వేయమంటే వేస్తానన్నాడు. నల్లచీర కట్టుకుని ఇంటర్వ్యూకా! ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. అంతకన్నా వేరే మార్గం లేదని ఆయన మళ్ళీ కర్ర అందుకున్నాడు.

ఇంటర్వ్యూ ఇంకా రెండు వారాలుంది. వేరే చీర కొనుక్కోవచ్చు కదా అని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను, ఒకటిన్నర రోజు. కానీ ఆ చీర లేకుండా బోర్డు ముందు కూర్చోవడం ఊహించుకోవడం కూడా నా వల్ల కాలేదు. పైగా అది నా తర్వాత ఆ పిల్లకి వెళ్ళాల్సిన చీర. పాడు చేసింది నేను, కాబట్టి బాగుచేయాల్సింది నేనే.

బెండకాయ అప్పుడు వచ్చింది. అది కూడా ఆంటీ చలవే. చేసిన పనికి సిగ్గుపడి సందులోకి తొలిసారి వచ్చిన బెండకాయలు కొని, సగం మాకిచ్చింది. అందులో రెండు ముదిరిపోయినవి. మంచం మీద నోట్సు పరుచుకుని చదువుతూ కాయలు తరుగుతున్నాను. ముదురు కాయ తొడిమ ముక్కని విసురుగా పక్కకి పడేస్తే, అది పెన్నులోంచి కారిన సిరా మీద పడి, దొర్లి నోట్సు మీదకి వచ్చింది. తీసి చూద్దును కదా, పంచవర్ష ప్రణాళికల పక్కన నీలం రంగులో అయిదు రేకల పువ్వు!

"ఇటు చూడవే!" అని అరిచాను. వరంగల్ పిల్ల వచ్చి చూసింది. ఆ ముక్కని తీసుకుని మళ్ళీ సిరాలో అద్ది ఇంకో పువ్వు వేసింది. తర్వాత ఇంకోటి. ఆ పేజీ నిండా పూలు పూశాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

స్టేషనరీ షాపులో గుడ్డల మీద వేసే ఫాబ్రిక్ రంగులు దొరికాయి. కుంకుమ రంగు సీసా ఒకటి, ఆకుపచ్చది ఒకటి తెచ్చాం. బెండకాయతో పువ్వు వేయడం చూడటానికి తేలికే, కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. లేతకాయ పనికిరాదు, నొక్కితే మెత్తబడి పువ్వు ముద్దయిపోతుంది. ముదురుకాయని తొడిమ వైపు రెండు వేళ్ళ పొడుగు ఉండేటట్టు కోయాలి, అదే పిడి. కోసిన వెంటనే వాడకూడదు, జిగురు మీద రంగు నిలవదు. అరగంట గాలికి ఆరనిచ్చి, గుడ్డతో తుడవాలి. పళ్ళెంలో తడి స్పాంజి ముక్క పెట్టి దాని మీద రంగు పోయాలి. కాయని ఆ స్పాంజికి అద్ది, చీర కింద న్యూస్ పేపరు పరిచి, నిటారుగా నొక్కి నిటారుగా ఎత్తాలి. తిప్పావా, పువ్వు పోయి పేడ ముద్ద మిగులుతుంది. ఇవన్నీ పాత దిండు గలీబు ఒకటి నాశనం చేశాక నేర్చుకున్నాం. ఆకులకి బంగాళాదుంపని సగానికి కోసి, బ్లేడుతో ఆకు ఆకారం మిగిలేటట్టు చుట్టూ చెక్కాం.

ఇంకో సంగతి వరంగల్ పిల్లకి తట్టింది. "మరక ఉన్న కాడనే పువ్వేస్తే ఎవరికైన ఎర్కయితది. మరక లేని కాడ గూడ వెయ్యాలె" అంది. అది నిజం. అందుకని కొంగు మొదలుకుని కుచ్చెళ్ళ దాకా అచ్చమైన పూల చీరలాగా చెదురుమదురుగా పూలు వేశాం. వంకాయ రంగు మీద కుంకుమ పూలు, పచ్చ మరక మీద ఆకులు. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి పూర్తయింది. చివర్లో బెండకాయలన్నీ వాడిపోయి, మా వేళ్ళన్నీ ఎర్రబడి, చీర మాత్రం ఎంత బాగుందంటే, నేను మంచమెక్కి గంతులేశాను. కింద నుంచి ఆంటీ గోడ కొట్టింది.

మర్నాడు ఇస్త్రీ చేద్దామని నీళ్ళు చిలకరించాను. గంజి చీరకి నీళ్ళు చిలకరించందే మడతలు పోవు కదా. కాసేపాగి చేత్తో సర్దితే అరచేతికి ఒక పువ్వు అంటుకుని వచ్చేసింది. మొత్తం పువ్వు, అయిదు రేకలతో సహా. ఇంకో చోట సర్దాను, ఇంకోటి వచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. రంగు నూలుకి పట్టలేదు, రెండేళ్ళ గంజి మీద అట్టులా కూర్చుంది. నీళ్ళు తగిలితే గంజి నానింది, గంజితోపాటు పువ్వులు లేచి వచ్చాయి.

గంజి పోవాలంటే సబ్బు పెట్టి ఉతకాలి. వేరే దారి లేదు.

"ఉతికేద్దాం" అన్నాను నేను.

"అక్క ఏం జెప్పింది?" అంది తను.

"అక్క హోలీ గురించి చెప్పలేదుగా!"

"నీకు ఈయేడు అక్కరకొస్తది. నాకు వచ్చేయేడు అక్కరకు రావాలె గద. సబ్బు పెట్టినంక ఇది ఉత్త చీర. నేనెందుకు కట్టుకోవాలె?"

నేను నోటికి వచ్చినన్ని మాటలన్నాను. నీ మెయిన్స్ పోయింది చీర వల్ల కాదు అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. తను చీర మడిచి పెట్టెలో పెట్టింది. ఆ రోజు అన్నం కూడా విడివిడిగా వండుకున్నాం, ఉన్న ఒక్క స్టవ్వు మీద, వంతులేసుకుని.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మంచం మీద తను లేదు. బయట కుళాయి దగ్గర బట్టలు బాదుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే, మోచేతుల దాకా నురగతో, కొంగు నడుముకి దోపుకుని, వరంగల్ పిల్ల చీర ఉతుకుతోంది. బకెట్టులో నీళ్ళు పాలలాగా తెల్లగా ఉన్నాయి. అదంతా గంజి. అంతమంది ఆశ పెట్టుకున్న మహిమ అంతా ఆ బకెట్టులో ఉంది.

"ఏంటే ఇది?" అన్నాను.

తల ఎత్తకుండానే చెప్పింది. "నేనే పిండుతున్న. తప్పయితే నాకే తగుల్తది. నువ్వు సబ్బు ముట్టలే గద, నీకేం గాదు."

నాకు అరవడం తప్ప ఇంకేమీ రాదని చెప్పాను కదా. ఆ పొద్దున అదీ రాలేదు. గడప మీద కూర్చుని ఏడ్చాను. తను విసుక్కుని, "ఏడ్సుడు తర్వాత గానీ, ఆ కొస పట్టుకో, పిండాలె" అంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండాం.

ఉతికాక హోలీ రంగు కూడా సగం వెలిసింది. మెత్తబడిన చీర మీద రెండోసారి వేసిన పూలు నూలులోకి ఇంకాయి. ఒకరోజు ఆరనిచ్చి, తిరగేసి వేడి ఇస్త్రీ పెట్టాం. తర్వాత నీళ్ళలో ముంచి చూస్తే ఒక్క రేక కదలలేదు. అప్పుడు పల్చగా గంజి పెట్టాం. గంజి మానేయడానికి మేమేమైనా తెలుగువాళ్ళం కామా?

ఇంటర్వ్యూ రోజు ఆంటీ మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మెట్లెక్కి వచ్చి, చెంచాతో పెరుగూ పంచదారా నోట్లో పెట్టింది. బోర్డులో అయిదుగురున్నారు. నేను కేంద్ర రాష్ట్ర సంబంధాల గురించి గంట ఉపన్యాసానికి సిద్ధమై వెళ్ళాను. కుడివైపు కూర్చున్న మేడమ్ నా చీర వైపు చూసి, "ఆంధ్రా నుంచి కదా మీరు, ఇది కలంకారీయా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అవునని ఉంటే అయిపోయేది. ఆమే నాకు జవాబు అందించింది. కానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక! "నో మేడమ్, భిండీ" అన్నాను.

అయిదుగురూ ముందుకు వంగారు. ఇంక చెప్పక తప్పలేదు. హోలీ, ఆంటీ బకెట్టు, అక్క పెట్టిన షరతు, గంజి, అన్నీ చెప్పేశాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి, "శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని మీరు చదివే ఉంటారు. అటువంటప్పుడు ఉతకడానికి భయపడటం ఏమిటి?" అని అడిగాడు.

"చివరికి ఉతికేశాం సార్" అన్నాను.

బోర్డంతా నవ్వింది. మేడమ్ అయితే కాయ లేతదా ముదురుదా అని అడిగి మరీ తెలుసుకుంది. ఆ తర్వాత విదేశీ చెల్లింపుల లోటు గురించి రెండు ప్రశ్నలు వేశారు. అక్కడ మాత్రం నీళ్ళు నమిలాను. అయినా బయటికి వచ్చేటప్పుడు గాలిలో తేలుతున్నట్టే ఉన్నాను.

ఫలితాలు వచ్చాయి. జాబితాని పై నుంచి కిందకీ, కింద నుంచి పైకీ చదివాను. నా నంబరు లేదు.

బాధ లేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ నాకన్నా ఎక్కువ కుంగింది వరంగల్ పిల్ల. "నేను సబ్బు పెట్టినందుకేనా?" అని అడిగి, జీవితంలో మొదటిసారి నా ముందు ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. "చెల్లింపుల లోటు గురించి అడిగితే నోరు పెగల్లేదు. దానికి సబ్బేం చేస్తుందే? ఇంకోసారి ఆ మాటన్నావంటే నిన్ను కూడా సబ్బు పెట్టి బండకేసి బాదుతాను" అన్నాను. ఏడుస్తున్నదల్లా నవ్వేసింది.

మరుసటి ఏడు నేను మెయిన్స్ దగ్గరే ఆగిపోయాను. తనకి ఇంటర్వ్యూ వచ్చింది. కొత్త చీర కొనుక్కోమన్నాను. తను పెట్టెలోంచి అదే చీర తీసి నా ముందు పెట్టి, "పోయినేడు నేను పిండిన గద, ఈసారి నువ్వు పిండు" అంది. పని తప్పించుకోవడానికి అందనుకుని సణుగుతూ ఉతికాను. ఆరాక తను ఒక్క బెండకాయ కోసి, అంచు దగ్గర ఒకే ఒక్క పువ్వు వేసుకుంది. ఎందుకని అడిగితే, "ఇది నాది" అంది. ఆ పువ్వుతో వెళ్ళింది, సెలక్టయింది. చీరని మా తర్వాత ఆ గదిలోకి వచ్చిన అమ్మాయిలకి ఇచ్చి, ట్రైనింగుకి వెళ్ళిపోయింది. నేను వేరే గదికి మారి, మిగిలిన ప్రయత్నాలు కూడా పూర్తి చేసుకుని, ఇంకో పరీక్ష రాసి, ఢిల్లీలోనే ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అసిస్టెంటుగా చేరాను. ఫైళ్ళు, టీ, బస్సు. సంతోషంగానే ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కటవారియా సరాయ్‌లో తెలుగు మెస్సుకి భోజనానికి వెళ్ళేదాన్ని. తొంభైలు ముగిసిపోతున్న రోజుల్లో, ఇలాంటి మార్చి నెలలోనే, మెస్సు నడిపే పిన్నిగారు వడ్డిస్తూ, "అమ్మాయ్, ఎదురు సందులో అనంతపురం పిల్ల ఒకత్తె ఉంది. బుధవారం ఇంటర్వ్యూ అట. చీర కట్టడం రాదని దిగులు పడుతోంది, కాస్త చూపించి రాకూడదూ" అంది. చేయి కడుక్కుని వెళ్ళాను.

ఆ పిల్ల మంచం మీద పరిచి ఉన్న చీరని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. చందనం రంగు ఇంకా వెలిసింది. ఎర్ర అంచు గులాబీ రంగుకి తిరిగింది. నా కుంకుమ పూలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంచు వెంబడి వరంగల్ పిల్ల వేసిన పువ్వు, దాని పక్కన ఇంకో నాలుగు, తలొక రంగులో.

"ఇది లక్కీ చీర ఆంటీ" అంది ఆ పిల్ల. నన్ను ఆంటీ అనడం నాకు నచ్చలేదు, కానీ చీర ముందు ఊరుకున్నాను. "కట్టుకుండే ప్రతి అక్కా ఒక పువ్వు వేయల్లంట. ఈ లోపల ఉండే పూలన్నీ ఒకే అక్క వేసిందంట. ఆయక్కకి మొదటిసారే పెద్ద ర్యాంకు వచ్చిందని చెప్పినారు."

"ఎవరు చెప్పారు?"

"ముందు నుంచీ అందరూ చెప్తారు ఆంటీ. ఈ అంచు మీద మొదటి పువ్వు వేసినక్క చెప్పిందంట."

వరంగల్ పిల్ల చెప్పిందన్నమాట. గొంతు పెంచకుండా, తలెత్తకుండా, నాకు ర్యాంకు ఇచ్చేసి వెళ్ళింది. బోర్డు ముందు బెండకాయ అని నిజం చెప్పినదాన్ని, ఆ పిల్ల ముందు మాత్రం నోరు మూసుకున్నాను. బుధవారం ఇంటర్వ్యూ ఉన్న పిల్లకి ఆ నిజంతో పనేముంది?

గట్టు మీద గిన్నెలో బెండకాయలున్నాయి. ఒకటి తీసి నొక్కి చూసి, "ఇవి లేతవి, పనికిరావు. ముదురువి తెచ్చుకో. పువ్వు వేసే ముందు సబ్బుతో ఉతికి గంజంతా పోగొట్టాలి" అన్నాను.

"అదే కదా ఆంటీ నా కష్టం" అని ఆ పిల్ల మంచం పట్టె మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉతకల్ల, కానీ కట్టుకునేవాళ్ళు సబ్బు ముట్టకూడదంట. తోడుండే స్నేహితురాలే ఉతకల్లంట. అది గట్టి రూలని చెప్పినారు. నాతో ఉండే అమ్మాయి పోయిన నెలే ఊరికి వెళ్ళిపాయ. నాకు ఈడ ఇంకెవరూ లేరు."

చేతి సంచీ మంచం మీద పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, చీర తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాను.

"అయ్యో, మీరెందుకు ఆంటీ!" అంటూ ఆ పిల్ల వెనకాలే వచ్చింది.

"నువ్వు సబ్బు ముట్టకు, పక్కన నిలబడు" అన్నాను, బకెట్టు కుళాయి కిందకి లాగుతూ. "ఇంకో మాట. ఇది ఉతికేది స్నేహితురాలు కదా, ఈ కాసేపైనా నన్ను అక్కా అను."